గొడుగు పిడి, ఎర్ర చుక్కలు: మన అంబాసిడర్ లోపలి చరిత్ర

మన ఇంటి చరిత్రలో ఇంతవరకు బావుల గురించి రాసుకున్నాం, పత్తి గోడౌన్ల గురించి రాసుకున్నాం, ఎవరెవరు ఏ ఊరి నుంచి ఏ ఊరికి మారారో రాసుకున్నాం. షెడ్డులో ఉన్న అంబాసిడర్ గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. కారంటే కొన్నదే కదా, అందులో మనం చేసిందేముంది అనుకున్నారేమో. బండి బయటి రేకు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన మాట నిజమే. కానీ లోపల కూర్చుంటే చేతికి తగిలేదీ కంటికి కనపడేదీ చాలామటుకు కోయంబత్తూరులో, మన పెరట్లో, మనవాళ్ల చేతుల మీద తయారైంది. ముఖ్యంగా రెండు: హ్యాండ్ బ్రేకు, మీటర్ల పలక. ఈ రెండింటి కథ చెబితే మన ఊరి పనితనం కథ సగం చెప్పినట్టే.

ముందు ఆ మాటల సంగతి. డాష్‌బోర్డు అనేది కారుతో పుట్టిన మాట కాదు. గుర్రబ్బండి తోలేవాడి కాళ్ల ముందు ఒక చెక్క పలక ఉండేది, గుర్రం గిట్టల నుంచి ఎగిరే బురద మీద పడకుండా. దాన్నే డాష్‌బోర్డు అనేవాళ్లు. గుర్రం పోయి ఇంజను వచ్చాక కూడా పలక మిగిలింది. మొదట్లో దాని మీద పెద్దగా ఏమీ లేదు, తర్వాత ఒక్కో మీటరూ వచ్చి చేరింది. వేగం చూపించే మీటరుకి జర్మనీలో ఓటో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. గేరుబాక్సు నుంచి ఒక మెలి తిరిగే తీగ వచ్చి మీటరు వెనక ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ, తగలకుండా, పల్చటి అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగే కొద్దీ గిన్నెలో విద్యుత్తు సుడులు పుట్టి అది కూడా తిరగబోతుంది. సన్నటి వెంట్రుక స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండింటి పెనుగులాటలో ముల్లు ఎక్కడ ఆగితే అదే మన వేగం. బాటరీ అక్కర్లేదు, వైరు అక్కర్లేదు. మన బండిలో ఇవాళ్టికీ పనిచేసేది ఈ పద్ధతే.

హ్యాండ్ బ్రేకుది ఇంకా పాత కథ. తొలినాటి కార్లలో చాలావాటికి చేతి బ్రేకే అసలు బ్రేకు. కాలితో తొక్కేది ఇంజను నుంచి వెనక్కి వెళ్లే ఇరుసుని పట్టుకునేది, చేత్తో లాగేది వెనక చక్రాలని పట్టుకునేది. ఆ లీవరు బండి బయట, తలుపు పక్కన నిలువుగా ఉండేది. నాలుగు చక్రాలకీ కాలి బ్రేకు వచ్చాక చేతి బ్రేకు బండిని నిలబెట్టి ఉంచడానికే మిగిలింది, అయినా పూర్తిగా పోలేదు. కాలి బ్రేకు ఆయిలు ఒత్తిడితో పనిచేస్తుంది, ఆయిలు కారిపోతే అంతే. చేతి బ్రేకు తీగతో పనిచేస్తుంది. ఒకటి పోయినా ఇంకొకటి ఉండాలన్నదే దాని లెక్క. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో అవసరం వస్తుంది.

మన అంబాసిడర్లో ముందు సీటు మొదట ఒకే బల్ల, అటు నుంచి ఇటు దాకా. ముగ్గురు కూర్చోవచ్చు, మనింట్లో అయితే నలుగురు. గేరు స్టీరింగు పక్కన. కాబట్టి మధ్యలో హ్యాండ్ బ్రేకు పెట్టడానికి చోటే లేదు. దాన్ని డాష్‌బోర్డు అడుగున పెట్టారు, పాత గొడుగు పిడిలా ఉండే ఒక వంపు కడ్డీ. పట్టుకుని బయటికి లాగితే కడ్డీ మీది పళ్లు ఒక్కొక్కటీ కరకరమని పట్టుకుంటాయి. వదలాలంటే పిడిని మెలితిప్పి లోపలికి తోయాలి. మన ఇంట్లో దాన్ని హ్యాండ్ బ్రేకు అని ఎవరూ అనలేదు. "గొడుగు లాగినావా?" అనే అడిగేవాళ్లు. ఇప్పుడు సీటు పక్కన లీవరు ఉన్నా మా చిన్నాయన నోట అదే మాట.

పెరట్లో కారు విప్పుకోవడం మనవాళ్లకి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ఊళ్లో ఆ ప్రశ్నకి జవాబు ఒకే పేరుతో మొదలవుతుంది. జి.డి. నాయుడు గారి పేరు ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. బెంగుళూరులోనో డాలస్‌లోనో పుట్టిన మన పిల్లల కోసం చెబుతున్నా. ఆయన 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. కుర్రతనంలో ఒక తెల్లదొర రడ్జ్ మోటారు సైకిలు చూసి దాని మీద మనసుపడి, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దాన్ని కొన్నారు. కొన్నది ఎక్కి తిరగడానికి కాదు, విప్పి చూడటానికి. 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి తన మోటారు సర్వీసుని పెద్ద కంపెనీ చేశారు. 1937లో బాలసుందరం నాయుడు గారితో కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారుగా చెప్పుకునేది తయారుచేశారు. 1974లో పోయారు. అవినాశి రోడ్డులో ఆయన పేరు మీద కార్ల మ్యూజియం ఉంది. సెలవులకి వస్తే పిల్లల్ని తీసుకెళ్లండి, మాల్‌కి కాదు. అక్కడ కార్ల బయటి మెరుపు కన్నా లోపల తొంగి చూడండి. ఒక్కో దేశం మీటరు ఎక్కడ పెట్టింది, హ్యాండ్ బ్రేకు ఎక్కడ పెట్టింది చూస్తూ పోతే ఒక పూట చాలదు.

ఆయన్ని చూసి పెరిగిన తరం మా తాతది. తాతకి పంపుసెట్ల పట్టరై ఉండేది. వర్క్‌షాపుని ఇక్కడ మనం పట్టరై అనే అంటాం, అది అరవ మాటని కూడా ఎవరికీ గుర్తుండదు. లేత్, డ్రిల్లు, వెల్డింగు ఇంటి వెనకే. మిల్లులకి విడిభాగాలు చేసే చేతికి కారు విడిభాగం ఒక లెక్కా?

రెండో కారణం ప్రభుత్వానిది. ఆ రోజుల్లో కొనాలంటే ఉన్నవి మూడే: ఉత్తరపారా అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్. ఎన్ని తయారుచేయాలో ఢిల్లీ చెప్పేది. బయటి నుంచి తెప్పించుకోనిచ్చేవాళ్లు కాదు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వరసలో నిలబడాల్సిందే. కొనేవాడు పోటీలో ఇంకో బండికి పోతాడన్న భయం లేని కంపెనీ లోపలి సౌకర్యాల గురించి ఎందుకు తలబాదుకుంటుంది? అంబాసిడర్ మార్క్ 2 అయింది, మార్క్ 3, మార్క్ 4 అయింది. ముందు జాలీ మారేది, డాష్‌బోర్డు కొంచెం మారేది, బండి మాత్రం అదే. కంపెనీ మార్చకపోతే కొన్నవాడే మార్చుకున్నాడు. ఇప్పటివాళ్లు సరదాకి చేసే పనిని అప్పటివాళ్లు వేరే దారి లేక చేశారు. చేస్తూ చేస్తూ అందులో సరదా కూడా పుట్టింది, అది వేరే సంగతి.

మన బండి 1961 మోడలు. తాత 1969లో సెకండ్‌హ్యాండుగా కొన్నాడు. అప్పటికే దాని మీటరుకి కాలం చెల్లింది, చెడిపోయి కాదు, మైళ్లలో ఉండి. 1956 చట్టంతో దేశం మెట్రిక్ పద్ధతికి మారింది. అరవైలలో రోడ్ల పక్క రాళ్లు మైళ్ల నుంచి కిలోమీటర్లకి మారుతూ వచ్చాయి. రాయి మారింది, మైలురాయి అనే మాట మారలేదు. బండిలో ముల్లు కూడా మారలేదు. బయట బోర్డు మీద వేగం కిలోమీటర్లలో, లోపల మీటరు మైళ్లలో. కొత్త మీటరు దొరకడం ఒక ప్రయాస. అందుకని తాత గాజు విప్పి, అవ్వ గోళ్లకి పెట్టుకునే ఎర్ర రంగుతో, డయలు మీద మూడు చుక్కలు పెట్టాడు. లెక్క తేలికే: ఐదు మైళ్లంటే ఎనిమిది కిలోమీటర్లు. 25 దగ్గర ఒక చుక్క, అది నలభై. 37కీ 38కీ మధ్య ఒకటి, అరవై. 50 దగ్గర ఒకటి, ఎనభై. మూడో చుక్క దాటితే అవ్వ ఊరుకునేది కాదు. ఆ చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి, రంగు కొంచెం గోధుమగా మారింది.

మన ఇంటి కారులో జరిగిన మొదటి మార్పు అదే. దమ్మిడీ ఖర్చు లేదు. నన్నడిగితే తర్వాత చేసిన అన్నింటికన్నా తెలివైనది కూడా అదే, ఎందుకంటే ఏదీ కోయలేదు, ఏదీ పారేయలేదు.

రెండోది ఊటీ రోడ్డు వల్ల వచ్చింది. మేట్టుపాళయం దాటాక ఘాటు మొదలవుతుంది. ఊటీ రెండు వేల మీటర్లకి పైగా ఎత్తు. ఎండాకాలంలో నిండా మనుషుల్ని ఎక్కించుకున్న అంబాసిడర్ బర్లియార్ వచ్చేసరికి పొగలు కక్కేది. మన బండిలో వేడి చూపించే మీటరు కొన్ననాటి నుంచీ చచ్చిపడి ఉంది. నాయన మద్రాసులో జనరల్ ప్యాటర్స్ రోడ్డు నుంచి ఒక గుండ్రటి మీటరు తెచ్చాడు. దానికి వైర్లు ఉండవు. వెనక నుంచి సన్నటి రాగి గొట్టం, గొట్టం చివర చిన్న బుడ్డి, లోపల తొందరగా ఆవిరయ్యే ద్రవం. బుడ్డిని ఇంజను తలలో బిగిస్తే, వేడెక్కిన కొద్దీ లోపల ఒత్తిడి పెరిగి, మీటరులో వంచిన ఒక గొట్టం నిటారు కాబోతుంది, ముల్లు కదులుతుంది. ఆ రాగి గొట్టం పొడుగెక్కువైందని ఎవరైనా కత్తిరించారా, మీటరు చచ్చినట్టే. మిగిలిన పొడుగుని చుట్ట చుట్టి కట్టాలి. మన బండిలో ఆ చుట్ట డాష్‌బోర్డు వెనక ఉంది, వేడి నీళ్ల కాయిలులా. అదేంటో తెలియనివాళ్లు దాన్ని చూసి "ఈ పిచ్చి తీగ ఎందుకు" అంటారు. అందుకే ఇంత వివరంగా రాశాను.

మూడో మీటరు పెట్రోలు పుణ్యం. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించేసరికి ఇక్కడ పెట్రోలు ధర గుండెలు అదిరేలా పెరిగింది. ఆ తర్వాత చాలామంది వ్యాక్యూమ్ మీటరు పెట్టించుకున్నారు. ఇంజను గాలి పీల్చే గొట్టానికి ఒక రబ్బరు ట్యూబు తగిలిస్తే, పీల్పు ఎంత బలంగా ఉందో ముల్లు చెబుతుంది. ఆక్సిలరేటరు గట్టిగా తొక్కితే పీల్పు పడిపోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు లెక్క. తాత దాని మీద ఒక కన్ను వేసి నడిపేవాడు. పక్కన కూర్చున్నవాళ్లు కూడా కన్ను వేయడం మొదలుపెట్టాక డ్రైవింగులో ఆనందం పోయిందని నాయన అనేవాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకి పోలేను. 1974లో, అంటే మన ఇంట్లో డాష్‌బోర్డుకి బొక్కలు పెడుతున్న ఆ రోజుల్లోనే, కోయంబత్తూరులో ప్రీమియర్ ఇన్‌స్ట్రుమెంట్స్ అండ్ కంట్రోల్స్ అనే కంపెనీ పెట్టారు. ఇప్పుడు దాన్ని ప్రికాల్ అంటారు, పెరియనాయక్కన్‌పాళయంలో ఫ్యాక్టరీ ఉంది. బండ్ల మీటర్లు చేయడమే వాళ్ల పని. మీరు హైదరాబాదులోనో భువనేశ్వర్‌లోనో నడిపే బైకు మీటరు ఈ ఊళ్లో చేసింది అయి ఉండవచ్చు. కంపెనీ అలా ఉన్నట్టుండి ఎక్కడా పుట్టదు. మిల్లు మరమ్మతులు, పంపుల పోతలు, లేత్ పట్టరైలు, సన్నపని తెలిసిన చేతులు ఉన్న ఊళ్లోనే పుడుతుంది. తాత గోళ్లరంగు చుక్కలకీ ఆ ఫ్యాక్టరీకీ సంబంధం ఉందని నేననను. రెండూ ఒకే నేలలో మొలిచినవి అని మాత్రం అంటాను.

ఇక గొడుగు పిడి ఎలా పోయిందో. ఎనభైలలో ఊళ్లో కుర్రాళ్లకి కార్ల పందేల పిచ్చి పట్టింది. రాలీల్లో జి.ఆర్. కార్తికేయన్ పేరు మారుమోగుతున్న కాలం. ఎనభైల చివర ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు పందెం కార్లు తయారుచేశారు. ఆ కార్లలోనే తొలి అడుగులు వేసిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌కి వెళ్లాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. శెట్టిపాళయంలోని రేసు ట్రాకుకి ఆయన పేరే పెట్టారు. రాలీ కార్లలో హ్యాండ్ బ్రేకు ఉల్టాగా పనిచేస్తుంది. మామూలు లీవరు లాగితే అక్కడే నిలబడుతుంది, వదలాలంటే బటన్ నొక్కాలి. రాలీ లీవరు లాగి వదిలితే తనంతట తానే వెనక్కి పడిపోతుంది, నిలబడాలంటేనే బటన్ నొక్కాలి. మలుపులో వెనక చక్రాల్ని ఒక్క క్షణం బిగించి వదలడానికి అన్నమాట. చిన్నాయనకి అంబాసిడర్‌తో అది చేయాలని ఆశ. నాయన చెప్పింది ఒకటే: "ముందు అది బండిని నిలబెట్టడం నేర్చుకోనీ."

నాయన కారణం వేరే. ఘాటులో ట్రాఫిక్ ఆగినప్పుడు ఎత్తు మీద బండి ఆపి మళ్లీ కదిలించాలంటే గొడుగు పిడితో నరకం. ముందుకి వంగి, మెలితిప్పి, తోసి, అదే క్షణంలో క్లచ్చి వదలాలి. చెయ్యి లోపల, చూపు బయట. అదే సీట్ల మధ్య లీవరైతే చెయ్యి పక్కనే ఉంటుంది, బొటనవేలితో బటన్ నొక్కి కొంచెం కొంచెంగా దించవచ్చు. మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్‌లో అలాగే ఉండేది, అందరూ చూసిందే. 1989లో బల్ల సీటు తీసేసి రెండు విడి సీట్లు చేయించినప్పుడు మధ్యలో చోటు దొరికింది. మద్రాసు పుదుప్పేట్టైలో పాత సామాన్ల మధ్య నుంచి ఒక హెరాల్డ్ లీవరు ఏరి తెచ్చాడు. అలా ఉత్తరపారా బండిలో మద్రాసు బండి చెయ్యి మొలిచింది.

బిగించడం చెప్పినంత తేలిక కాదు. మొదటి చిక్కు నేల. కారు అడుగు రేకు పల్చన. లీవరు లాగినప్పుడు పడే బలమంతా నాలుగు బోల్టుల మీదే, రేకు చిరిగిపోతుంది. నాయన అడుగున నాలుగు మిల్లీమీటర్ల ఇనుప పలక వేసి, రేకుని పైనా కిందా నొక్కి పట్టేలా బిగించాడు. వెల్డింగు పెట్టలేదు, పల్చటి రేకుకి వెల్డింగు పెడితే దాని అంచునే తుప్పూ చిరుగూ మొదలవుతాయని. రెండో చిక్కు లాగుడు. గొడుగు కడ్డీ నేరుగా వెనక్కి లాగేది, కాబట్టి బలం పెంచడానికి దాని కింద ఒక మధ్య లీవరు ఉండేది. హెరాల్డ్ లీవరుకి బలం దానిలోనే ఉంది. రెండూ కలిసేసరికి బలం రెట్టింపైంది, జరుగుడు సగమైంది. లీవరు పైదాకా వచ్చినా చక్రం బిగియలేదు. లేత్ మీద మూడు బొక్కల లింకు ఒకటి చేసి, ఒక్కో బొక్కలో తగిలించి చూసి, మధ్య బొక్క దగ్గర కుదిర్చాడు. ఐదారు పళ్లకి బ్రేకు పట్టేలా. వెనక రెండు చక్రాలకీ లాగుడు సమానంగా పంచే చిన్న కాడి ఉంటుంది, ఎద్దుల కాడి లాంటిదే, ఒక పక్క తీగ సాగితే అది వంగి రెండో పక్కకి సర్దుతుంది. దాన్ని శుభ్రం చేసి గ్రీజు పెట్టకపోతే పైన ఎంత మంచి లీవరున్నా దండగ. ఇవాళ కారు లోపలి అందం కోసం హ్యాండ్ బ్రేకుకి మెరిసే పిడి, అల్యూమినియం బటన్ కొనేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ముందు ఆ కాడిని చూడండి.

లీవరుకి తోలు తొడుగు కుట్టింది చిన్నమ్మ. రాణిపేట నుంచి వచ్చిన మేక తోలు, ఇంట్లో ఉషా మిషను, మందపు సూది. పాత తొడుగు లేదు కాబట్టి న్యూస్‌పేపర్ని లీవరు చుట్టూ చుట్టి, మడతల దగ్గర కత్తిరించి, ఆ కాగితాన్నే కొలతగా పెట్టుకుంది. లీవరు పైకి లాగినప్పుడు తొడుగు బిగుసుకోకూడదు, కిందికి దించినప్పుడు బటన్‌కి అడ్డం పడకూడదు. రెండు కొలతలకీ మధ్య అరంగుళం తేడా. రవికె చంకలో గుడ్డ వదిలినట్టే అని చిన్నమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు దాటినా ఒక్క కుట్టు ఊడలేదు.

బ్రేకు వేసిన సంగతి మర్చిపోయి నడపకుండా ఒక ఎర్ర దీపం కూడా నాయనే పెట్టాడు. లీవరు మొదట్లో చిన్న స్విచ్చి, లీవరు లేస్తే దీపం వెలుగుతుంది. దానికి మీటర్ల పలకలో పెట్టిన బొక్క ఒక్కటే ఆ బండిలో మనం అసలు రేకుకి చేసిన గాయం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. అక్క కొడుకు బండిని మళ్లీ రోడ్డెక్కిస్తానంటున్నాడు. చాలా సంతోషం. డాష్‌బోర్డు పీకి కొత్త కారు డిజిటల్ క్లస్టర్ పెడతానని, హ్యాండ్ బ్రేకు బదులు బటన్ పెడతానని కూడా అంటున్నాడు. వాడి ఆశ తప్పు కాదు. తాత, నాయన చేసిందీ అదే కదా అని వాడడిగితే కాదనలేను. కానీ తేడా ఉంది.

కొత్త క్లస్టర్ మీటరు కాదు, ఒక కంప్యూటరు తెర. ఇంజను కంప్యూటరు పంపే సందేశాలు చదివి చూపిస్తుంది. కార్బొరేటరు ఇంజను దానికి ఏ సందేశమూ పంపదు. గేరుబాక్సు దగ్గర సెన్సర్ పెట్టి, ఇగ్నిషన్ కాయిలు నుంచి ఇంజను చుట్లు లెక్కపెట్టించి, టాంకులోని తేలుడు బంతి ఇచ్చే రెసిస్టెన్సుని దానికి అర్థమయ్యేట్టు మార్చి, ఇన్ని చేస్తే అది వెలుగుతుంది. సాధ్యమే, చేసినవాళ్లున్నారు. బటన్ బ్రేకు 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో పెద్ద కార్లలోకి వచ్చింది. మోటారు తీగని లాగుతుంది, లేదా వెనక బ్రేకునే నొక్కుతుంది. కొత్త కారులో దాని వెనక ఒక వ్యవస్థంతా కాపలా ఉంటుంది. మన బండిలో బాటరీ పడుకుంటే ఆ బటన్ కూడా పడుకుంటుంది. ఒకటి పోయినా ఇంకొకటి ఉండాలన్న పాత లెక్క అక్కడ తప్పుతుంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ తిరగరాయించేటప్పుడు ఇన్‌స్పెక్టరు హ్యాండ్ బ్రేకు లాగి చూస్తాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన రూపం నుంచి ఎంతవరకు మార్చవచ్చన్న దాని మీద 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇవి కూడా ఉన్నాయి.

కాబట్టి బటన్‌కి నేను ఒప్పుకోను. క్లస్టర్‌కి ఒక షరతు మీద ఒప్పుకున్నా: పాత పలక రేకు కోయకూడదు. దాని మీద తొడిగేలా ఒక చెక్క చట్రం చేసి, తెర అందులో బిగించాలి. నాలుగు స్క్రూలు విప్పితే ఎర్ర చుక్కలు మళ్లీ కనపడాలి. పాత మీటరు వెనక తీగ ఊడదీయకూడదు, తిరిగిన దూరం ఆ అంకెల చక్రాల్లోనే నమోదవుతూ ఉండాలి. ఆ అంకెలు తాత నుంచి వరసగా వస్తున్నవి.

వెలుతురు కోసం మీటర్ల వెనక బల్బులు ఎల్ఈడీ పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు, పాత బల్బుల మసక వెలుగులో రాత్రిపూట నాకూ ఏమీ కనపడదు. వెలగకపోతే తిప్పి పెట్టాలి, ఎల్ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి. ఒక్క బల్బు జోలికి మాత్రం పోవద్దు: బాటరీ చార్జింగు ఎర్ర దీపం. తొంభైలలో డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టించాం. ఆల్టర్నేటరు మొదట మేలుకోవడానికి కావలసిన కొద్దిపాటి కరెంటు ఆ తీగ బల్బు గుండానే వెళుతుంది. అక్కడ ఎల్ఈడీ పెడితే చాలినంత కరెంటు పోక ఆల్టర్నేటరు నిద్రలేవకపోవచ్చు. దీపం చిన్నదే, పని పెద్దది.

చివరిగా చదివేవాళ్లకి ఒక మనవి. 1989లో తీసిన గొడుగు పిడి, దాని పళ్ల కడ్డీ, కింది మధ్య లీవరు మన షెడ్డులో లేవు. అప్పట్లో తిరుప్పూరు వైపు మన చుట్టాల్లో ఎవరిదో అంబాసిడర్ పిడి విరిగితే నాయన ఇచ్చేశాడని చిన్నాయనకి గుర్తు, ఎవరికో గుర్తు లేదు. ఆ వైపు మనవాళ్ల ఇళ్లల్లో రెండు మూడు పాత అంబాసిడర్లు ఉండేవి, కొన్ని పాత ఇనుముకి పోయి ఉంటాయి. పిడి అంచున తాత పట్టరై గుర్తుగా కొట్టిన మూడు చిన్న గీతలుంటాయి. గోడౌను మూలలోనో బావి మోటారు గదిలోనో కనపడితే ఒక ఫోటో పంపండి. ఇవ్వక్కర్లేదు, ఎక్కడుందో తెలిస్తే చాలు.